రాకెట్‌నీ తుపానునీ తిప్పేది ఒకటే: నెల్లూరు తీరం చెప్పే సైన్స్ పాఠం

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. మైపాడు బీచ్‌లో కలిసిన ఒక పదో తరగతి అబ్బాయి నన్ను అడిగాడు: "అన్నా, భూమి గురించి సోషల్‌లో చదువుతాం. ఉపగ్రహాల గురించి ఫిజిక్స్‌లో చదువుతాం. పక్షుల గురించి బయాలజీలో. కానీ భూమి కూడా అంతరిక్షంలోనే ఉంది కదా, మరి ఎందుకు విడివిడిగా పెట్టారు?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. పరీక్షల కోసం, టీచర్ల సౌకర్యం కోసం పెట్టుకున్న గోడలు అవి. ప్రకృతికి ఆ గోడలు తెలియవు. అమెరికాలో 2013లో వచ్చిన కొత్త సైన్స్ ప్రమాణాల్లో భూమినీ అంతరిక్షాన్నీ కలిపి ఒకే విభాగంగా పెట్టారు. విశ్వం, భూమి మీది వ్యవస్థలు, మనిషి చేసే పనులు, ఈ మూడూ ఒకే వరసలో చెప్పాలని వాళ్ళ ఆలోచన. మంచిదే. అయితే ఆ పాఠం చెప్పడానికి ప్రపంచంలో బాగా కుదిరే చోట్లలో మన నెల్లూరు తీరం ఒకటని నా నమ్మకం. ఎందుకో చెప్తాను, చివరిదాకా ఉండండి.

మూడు ప్రశ్నలు, ఒకే జవాబు

ఈ మూడు ప్రశ్నలు వినండి. ఒకటి, రాకెట్లని శ్రీహరికోట నుంచే ఎందుకు వదుల్తారు? రెండు, తుపాను ఎందుకు సుడి తిరుగుతుంది? మూడు, వాతావరణ ఉపగ్రహం మన నెత్తి మీద కదలకుండా ఎలా నిలబడుతుంది?

మూడూ మూడు పుస్తకాల్లో ఉంటాయి. జవాబు మాత్రం ఒకటే: భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది.

ముందు రాకెట్ సంగతి. "పక్కన సముద్రం ఉంది కాబట్టి" అని అందరూ చెప్తారు. అది సగం జవాబు. రాకెట్ కింది భాగాలు ఊడి పడితే జనం మీద పడకూడదు, అందుకు సముద్రం కావాలి. కానీ అది తూర్పు వైపే ఎందుకుండాలి? భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది. శ్రీహరికోట ఉన్న అక్షాంశం దగ్గర నేల సెకనుకి సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది. అంటే గంటకి 1,600 కిలోమీటర్ల పైమాటే. మీరు షార్ గేటు దగ్గర టీ తాగుతూ నిలబడ్డా అంత వేగంతో పోతున్నట్టే లెక్క. రాకెట్‌ని తూర్పుకి వదిలితే ఆ వేగం ఉచితంగా వస్తుంది. భూమికి దగ్గరి కక్ష్యలో తిరగాలంటే సెకనుకి దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. అందులో సుమారు 6 శాతం భూమే ఇచ్చేస్తుందన్నమాట. ఆ మేరకు ఇంధనం మిగులుతుంది.

భూమధ్యరేఖ దగ్గరికి వెళ్ళేకొద్దీ ఈ లాభం పెరుగుతుంది. అక్కడ వేగం సెకనుకి 465 మీటర్లు. అందుకే యూరప్ వాళ్ళు తమ రాకెట్లని దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి వదుల్తారు. అది భూమధ్యరేఖకి ఉత్తరంగా 5 డిగ్రీల దూరంలో ఉంది. మన శ్రీహరికోట 13.7 డిగ్రీల దగ్గర ఉంది.

ఇప్పుడు తుపాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే చుట్టూ ఉన్న గాలి ఆ మధ్యకి పరిగెత్తుతుంది. నేరుగా వెళ్ళి మధ్యలో పడిపోతే తుపాను ఉండదు, ఆ గుంట పూడిపోతుంది. కానీ ఏం జరుగుతుందో చూడండి. దక్షిణం నుంచి వచ్చే గాలికి తూర్పు వేగం ఎక్కువ, ఎందుకంటే అది భూమధ్యరేఖ వైపు నుంచి వస్తోంది. కాబట్టి అది మధ్యకి చేరకుండా తూర్పుకి జరిగిపోతుంది. ఉత్తరం నుంచి వచ్చే గాలికి ఆ వేగం తక్కువ, అది పడమర వైపు వెనకబడుతుంది. ఒకటి అటు, ఒకటి ఇటు జరిగేసరికి మొత్తం గాలి గడియారం ముళ్ళకి ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. రాకెట్‌కి సాయం చేసిన తిరుగుడే ఇక్కడ తుపానుకి సుడి ఇచ్చింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. భూమధ్యరేఖ దగ్గర, అంటే సుమారు 5 డిగ్రీల లోపల, గాలిని పక్కకి తిప్పే ఈ ప్రభావం చాలా తక్కువ. అందుకే అక్కడ తుపానులు దాదాపు పుట్టవు. కౌరూకి రాకెట్ లాభం ఎక్కువ, తుపాను భయం లేదు. మన శ్రీహరికోటకి రాకెట్ లాభమూ ఉంది, తుపాను దెబ్బా ఉంది. రెండూ ఒకే భూభ్రమణం నుంచి వచ్చినవే, ఒక ఊరికి ఎంతెంత వస్తాయో అక్షాంశం నిర్ణయిస్తుంది.

ఇక ఉపగ్రహం. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే వస్తువుకి ఒక చుట్టు పూర్తి కావడానికి పట్టే సమయం, భూమి తన చుట్టూ తాను తిరిగే సమయం సమానం. రెండూ కలిసి తిరుగుతాయి కాబట్టి కింద నుంచి చూస్తే అది ఒకే చోట నిలబడినట్టు కనిపిస్తుంది. టీవీలో, ఫోన్‌లో మీరు చూసే మేఘాల ఫొటోలు అక్కడి నుంచి వచ్చేవే.

మూడు ప్రశ్నలకీ ఒకటే జవాబు. ఇది ఒక్కసారి అర్థమైతే మూడు పాఠాలు బట్టీ పట్టక్కర్లేదు.

మిచౌంగ్ రోజులు

2023 డిసెంబరు గుర్తుందా? మిచౌంగ్ తుపాను. చెన్నైని ముంచేసింది, తర్వాత మన తీరాన్ని ఆనుకునే నెమ్మదిగా ఉత్తరానికి వెళ్ళి డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజుల్లో దాన్ని పైనుంచి కనిపెట్టుకుని ఉన్న ఉపగ్రహాల్లో ఇన్సాట్-3డీఆర్ ఒకటి. అది 2016 సెప్టెంబరు 8న జీఎస్‌ఎల్‌వీ రాకెట్ మీద శ్రీహరికోట నుంచే వెళ్ళింది. ఏ తీరం నుంచి వెళ్ళిందో ఆ తీరం పక్కనుంచి పోతున్న తుపానునే అది పైనుంచి చూసింది. దాని తర్వాతిది ఇన్సాట్-3డీఎస్, 2024 ఫిబ్రవరి 17న ఇక్కడి నుంచే వెళ్ళింది.

ఉపగ్రహం ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి అని అడుగుతారేమో. 1977 నవంబరు 19. అప్పటికి మన దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. తుపాను బాపట్ల తీరం వైపు దాటింది, ఉప్పెన దివిసీమని తుడిచిపెట్టేసింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళని అడగండి, ఆ రాత్రి గురించి చెప్తారు. ఈ రోజు తుపానుకి అంత మంది పోవడం లేదంటే ఉపగ్రహాలు, రాడార్లు, తుపాను షెల్టర్లు, ముందే ఊళ్ళు ఖాళీ చేయించే యంత్రాంగం, ఇవన్నీ కలిసి పని చేస్తున్నాయి కాబట్టి.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి, ఎప్పుడైనా మీ ప్రాణానికే పనికొస్తుంది. మన తుపాను గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది అనుకున్నాం కదా. మన తీరం సముద్రానికి పడమర వైపు ఉంది. కాబట్టి తుపాను తీరం దాటే చోటికి ఉత్తరాన గాలి సముద్రం మీద నుంచి నేల మీదకి వీస్తుంది, నీళ్ళని ఊళ్ళ మీదకి తోస్తుంది. దక్షిణాన గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఉప్పెన ప్రమాదం ఎక్కువగా ఉత్తరం వైపే. దివిసీమ కూడా తుపాను దాటిన చోటికి ఈశాన్యంగా ఉంది. కాబట్టి "నెల్లూరు దగ్గర తీరం దాటుతుంది" అని వార్త వస్తే కావలి, రామాయపట్నం వైపు వాళ్ళు "మనకి కాదులే" అనుకోకూడదు. దక్షిణాన ఉన్నవాళ్ళకి కూడా గాలి, వాన ఎలాగూ ఉంటాయి. చూశారా, భూమి తిరుగుడు అనే ఒక పాఠం మీ ఊరు ఖాళీ చెయ్యాలా వద్దా అనే దాకా వచ్చింది.

వాలుగా ఉన్న భూమి, నిండే పెన్నా

భూమి తిరగడమే కాదు, సుమారు 23.5 డిగ్రీలు వాలి కూడా ఉంది. అందుకే ఋతువులు. రాష్ట్రంలో చాలా చోట్ల జూన్‌లో నైరుతి వస్తే పండగ. మన నెల్లూరుకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు, ఉత్తరాన నేల చల్లబడుతుంది, గాలి దిశ మారి ఈశాన్యం నుంచి వీస్తుంది. బంగాళాఖాతం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చటి నీటి మీదుగా వచ్చే గాలి తేమ మోసుకొచ్చి మన మీద కురిపిస్తుంది.

మన రైతులు దీన్ని కార్తెలతో చెప్పేవాళ్ళు. అక్టోబరు చివర్లో స్వాతి కార్తె, నవంబరులో విశాఖ. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడనే లెక్క. నక్షత్రం వాన కురిపించదు. కానీ సూర్యుడి స్థానం చూసి ఋతువుని గుర్తుపట్టడం మాత్రం తెలివైన పని. ఆకాశాన్నీ మడిచెక్కనీ కలిపి చూసే అలవాటు మన తాతలకి ఉంది. బడిలో మనం దాన్ని విడదీసుకున్నాం.

2021 నవంబరు తీసుకోండి. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం 19వ తేదీన చెన్నైకి దక్షిణంగా తీరం దాటింది. తుపాను కూడా కాదది, చిన్నదే. కానీ అది మోసుకొచ్చిన తేమ శేషాచలం కొండలకి, కడప జిల్లాకి చేరి అక్కడ కుమ్మరించింది. అదే రోజు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు నీళ్ళు పెన్నాలోకి, పెన్నా సోమశిలకి, సోమశిల నుంచి నెల్లూరుకి. నెల్లూరులో పెన్నా ఒడ్డున ఉన్న కాలనీలు మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి విజయవాడ, చెన్నై మధ్య రైళ్ళు ఆగాయి.

సముద్రంలో లేచిన ఆవిరి కొండల మీద వానై, నది అయ్యి, ఊరు ముంచి మళ్ళీ అదే సముద్రంలో కలిసింది. మీ నెత్తిన ఎంత వాన పడుతోందో చూసుకుంటే చాలదు, పైన ఎక్కడ పడుతోందో కూడా చూడాలి. నదికి జిల్లా సరిహద్దు తెలియదు.

చంద్రుడు, పులికాట్, ఫ్లెమింగోలు

శ్రీహరికోట నిజానికి ఒక పొడవాటి ఇసుక దీవి. ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క పులికాట్ సరస్సు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఇది తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, తీరం మాత్రం అదే తీరం. అలలు ఇసుకని మోసుకొచ్చి పోగేసిన ఈ దీవి వల్లే వెనకాల సరస్సు ఏర్పడింది. రాకెట్ కేంద్రం రాకముందు ఇది ఖాళీ చోటు కూడా కాదు. ఈ అడవిలో యానాదులు బతికేవాళ్ళు. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్ళ బతుకు మారిపోయింది. ఈ పాఠంలో మనుషులు కూడా ఉన్నారని గుర్తుంచుకోవాలి.

పులికాట్ మన దేశంలో చిల్కా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. దీనికి ప్రాణం ఎక్కడుందంటే ముఖద్వారాల్లో. సముద్రానికి పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు లోపలికి వస్తాయి, పాటు అప్పుడు బయటికి పోతాయి. పోటుకి ప్రధాన కారణం చంద్రుడు. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు కూడా ఆ వరసలోనే కలుస్తాడు కాబట్టి పోటు పెద్దగా ఉంటుంది. ఇంకో పక్క కాళంగి, ఆరణి లాంటి ఏర్లు ఈశాన్య రుతుపవనాల్లో మంచినీళ్ళు తెస్తాయి. ఈ రెండు నీళ్ళూ కలిసే నిష్పత్తిని బట్టి రొయ్య, చేప, పీత, నాచు, అన్నీ ఉంటాయి.

వానాకాలం అయ్యాక నీళ్ళు తగ్గి, లోతు మోకాటి లోపలికి వచ్చిన చోట ఫ్లెమింగోలు దిగుతాయి. తల కిందికి వంచి ముక్కుతో బురదనీళ్ళు వడకట్టుకుని తింటాయి. వాటికి ఆ గులాబీ రంగు పుట్టుకతో రాదు. ఎండలో పెరిగే నాచులో, దాన్ని తినే చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల్లో ఒక రంగు పదార్థం ఉంటుంది. అది తిని తిని ఈకలకి ఆ రంగు వస్తుంది. సూర్యుడు, చంద్రుడు, వాన, ఇసుక, నాచు, వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా సూళ్ళూరుపేటలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్‌కి పక్షులు తగ్గుతాయి.

ఇప్పుడు ఆ ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుండటం పెద్ద సమస్య. ద్వారం మూసుకుంటే పోటు లోపలికి రాదు, వేసవిలో నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు పెరుగుతుంది, చేప తగ్గుతుంది. మొదట దెబ్బ తగిలేది సరస్సులో వేట చేసుకునే కుటుంబాలకి. పూడిక తీయమని వాళ్ళు అడుగుతున్నది అందుకే. ఇది పక్షుల సమస్యా, మత్స్యకారుల సమస్యా అని అడిగితే రెండూ అనే చెప్పాలి.

పోటుకీ తుపానుకీ కూడా లింకు ఉంది. ఉప్పెన పాటు సమయంలో వస్తే కొంత నయం. అదే అమావాస్య పోటు మీద వస్తే ఆ ఎత్తు కూడా కలుస్తుంది. మన తీరంలో పోటుపాట్ల తేడా మీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. పల్లంగా ఉన్న పల్లెకి ఆ మీటరు చాలా ఎక్కువ.

అన్నిటికీ లింకు పెట్టేయకూడదు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి" అనగానే కొంతమంది ఏదిపడితే దానికి ముడి వేసేస్తారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది, ఆ రోజు పౌర్ణమి. "పౌర్ణమి వల్లే సునామీ" అనే మాట మీరూ వినే ఉంటారు. కాదండి. సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూకంపం వచ్చింది. అడుగు నేల ఒక్కసారి పైకి లేచి మీదున్న నీటిని తోసింది. పౌర్ణమి కాకపోయినా ఆ అల వచ్చేది.

మరి తేడా ఎలా తెలుస్తుంది? ఒకటే పరీక్ష: "ఎలా?" అని అడగాలి. చంద్రుడు పోటుని ఎలా తెస్తాడు అంటే లెక్క వేసి, రేపటి పోటు ఎన్నింటికో చెప్పగలం. పౌర్ణమి సునామీని ఎలా తెచ్చింది అంటే చెప్పలేం. అంతకుముందూ తర్వాతా ఎన్నో పౌర్ణములు వచ్చాయి, సునామీ రాలేదు.

ఆ రోజు భూకంపం వచ్చాక మన తీరానికి అల చేరడానికి రెండు గంటలకి పైనే పట్టింది. అంత సమయం ఉన్నా హిందూ మహాసముద్రంలో అప్పటికి హెచ్చరిక వ్యవస్థ లేదు. తర్వాత 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం లేని హైదరాబాద్‌లో కూర్చుని సముద్రాన్ని చూస్తున్నారు. అదే సంస్థ మత్స్యకారులకి చేప ఎక్కడ దొరకొచ్చో కూడా చెప్తుంది. ఉపగ్రహం సముద్రం రంగునీ వేడినీ కొలుస్తుంది. నాచు ఎక్కువున్న చోట, చల్లటి నీరూ వెచ్చటి నీరూ కలిసే అంచు దగ్గర చేప చేరుతుంది. ఈ కొలతలకి పనికొచ్చే ఈఓఎస్-06 ఉపగ్రహం 2022 నవంబరు 26న వెళ్ళింది. ఎక్కడి నుంచో మీకు తెలుసు.

అయితే ఒక్క మాట. ఎప్పుడైనా సముద్రం అకస్మాత్తుగా వెనక్కి పోయి అడుగు బయటపడితే, ఫోన్ తీసి వీడియో తీయొద్దు. మెసేజ్ కోసం ఆగొద్దు. ఎత్తుకి పరిగెత్తండి. సునామీ ముందు అలా జరగొచ్చు.

మీరు చెయ్యాల్సిన మూడు పనులు

విని వదిలేస్తే రేపటికి మర్చిపోతారు. ఖర్చు లేని మూడు పనులు చెప్తాను.

మొదటిది, ఒక మీటరు కర్రని నిటారుగా పాతండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండే మిట్టమధ్యాహ్నం దాన్ని కొలవండి. నెల్లూరులో డిసెంబరు 21న నీడ ఉత్తరానికి సుమారు 78 సెంటీమీటర్లు పడుతుంది. జూన్ 21న దక్షిణానికి పడుతుంది, సుమారు 16 సెంటీమీటర్లు మాత్రమే. ఏప్రిల్ చివర్లో ఒక రోజు, ఆగస్టు మధ్యలో ఒక రోజు అసలు నీడే ఉండదు. భూమి వాలు మీ పెరట్లోనే కనిపిస్తుంది.

రెండోది, ఒక గుండ్రటి అట్టముక్కకి మధ్యలో గుండుసూది గుచ్చండి. మీ చెల్లినో తమ్ముడినో దాన్ని గడియారానికి ఎదురు దిశలో నెమ్మదిగా తిప్పమనండి. మీరు మధ్య నుంచి అంచుకి పెన్నుతో తిన్నగా గీత గీయండి. అట్ట ఆపి చూస్తే గీత కుడికి వంగి ఉంటుంది. తుపాను సుడికి మూలం అదే.

మూడోది, సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు అష్టమి రోజు, అమావాస్య రోజు నీళ్ళు ఇసుక మీద ఎంతదాకా వచ్చాయో గుర్తు పెట్టండి. అల పెద్దగా ఉన్న రోజు కొంచెం తేడా రావచ్చు, అందుకే రెండు మూడు నెలలు చూడండి. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు.

టీచర్లు ఎవరైనా వింటుంటే నాదొక విన్నపం. పాఠాలు ఏ వరసలో ఉన్నా, ఈసారి అల్పపీడనం వార్త వచ్చిన రోజు ఫోన్‌లో ఉపగ్రహం ఫొటో తెరిచి క్లాసులో పెట్టండి. "ఇది ఎందుకు తిరుగుతోంది? ఈ ఫొటో ఎక్కడి నుంచి వచ్చింది? ఈ వాన ఏ ఏటిలోకి పోతుంది? ఆ రోజు పోటు ఎన్నింటికి?" ఈ నాలుగు ప్రశ్నలు చాలు. పిల్లలు ఇంటికెళ్ళి అమ్మానాన్నలకి చెప్తారు. వేటకి వెళ్ళే నాన్న ఆ రోజు బోటు ఒడ్డుకి లాగేస్తే, ఆ పాఠానికి అంతకంటే మార్కులు అక్కర్లేదు.

మైపాడు అబ్బాయికి నా జవాబు ఇదే: నువ్వు అడిగింది నిజమే తమ్ముడూ, పుస్తకాలు విడివిడిగా ఉన్నా నువ్వు మాత్రం కలిపే చదువు.

ఈ వారానికి ఇంతేనండి. నీడ కొలిచారంటే లెక్క దాచిపెట్టుకోండి, ఆరు నెలల తర్వాత మళ్ళీ కొలిచి పక్కపక్కన పెట్టి చూద్దాం. ఉంటాను మరి, నమస్తే.